తొలివెలుగు పత్రిక కొనుక్కున్న గొంతు

ఏటి ఒడ్డు మాపో రేవులో పుట్టి పెరిగినదాన్ని. ఎండాకాలం ఉప్పురొయ్యల కుండలు పొంగి మూతలు లేచిపోయినా, చేపల పేగులు మా గుమ్మం ముందే కుళ్ళినా నాకు ముక్కు మూసుకోవాలనిపించదు. అచ్చుసిరా వాసన మాత్రం ఇప్పటికీ భరించలేను. ఎండు చేప పొట్లం కట్టి ఇచ్చిన కాగితమైనా సరే, చేపని గిన్నెలో వేసుకుని కాగితాన్ని వెంటనే పొయ్యిలోకి తోసేస్తాను. నాకు ఈ రోత పట్టించింది మేంగ్ సున్బో బతుకు.

సున్బో కథలు చదివేవాడు. మా వైపు అదొక బతుకుతెరువు. చాప పరుచుకుని కూర్చుని, పాత కథల పుస్తకం తెరిచి, వచ్చేపోయే జనం వినేలా చదవడం. అతను ఊరికే చదివి ఊరుకునేవాడు కాదు. సేనాపతి మాట్లాడితే మెడ నరాలు ఉబ్బేవి, సవతి తల్లి మాట్లాడితే పెదవి వంకర తిరిగేది. అతని చోటు మా పూటకూళ్ళ ఇంటి చూరు కింద. నా మొగుడు రొయ్యల పడవతో పాటు సముద్రంలో కలిసిపోయాక ఆ ఇల్లు నేనే నడుపుకుంటున్నాను. ఎముకల చారూ అన్నం, నంజుకోవడానికి కిమ్చీ పచ్చడి, తాగేవాళ్ళకి మక్కొల్లి అనే బియ్యపు కల్లు. నా చారు వాసనకి అతని చుట్టూ జనం మూగేవాళ్ళు, అతని కథ వింటూ నా చారు రెండో గిన్నె తాగేవాళ్ళు.

కథ మంచి పట్టులో పడ్డాక సున్బో ఠక్కున నోరు మూసేవాడు. ఆకాశంలోకి చూస్తూ కూర్చునేవాడు. చిల్లర పడేదాకా నోరు విప్పేవాడు కాదు.

"ఓరి పాపిష్టోడా! ఆ పిల్లని నూతిలో వేలాడదీసి మబ్బులు లెక్కెడతావేంట్రా?" అని అరిచేవాడు ఉప్పు బస్తాలు మోసే ముసలి పాంగ్.

"పైకి లాగాలంటే తాడు కావాలి కదా తాతా. తాడు నీ నడుంకట్టులోనే ఉంది, విప్పు."

జనం తిట్టుకుంటూ, నవ్వుకుంటూ చిల్లర విసిరేవాళ్ళు. పిల్ల నూతిలోంచి బయటికొచ్చేది.

అతని పెళ్ళాన్ని సోల్‌గోల్ ఆవిడ అనేవాళ్ళం. పెళ్ళయ్యాక ఆడదానికి పుట్టిన ఊరే పేరు. సోల్‌గోల్ యోంగ్సాన్ గుట్టకి అవతలి వాలులో ఉన్న చిన్న పల్లె. ఆమె తండ్రి సమాధి ఆ వాలులోనే ఉండేది, తమ్ముడు ఇల్‌బొక్ ఆ పక్కనే చిరుధాన్యం పండించేవాడు. ఆమె మొగుడి కథ వినడానికి ఎన్నడూ వచ్చేది కాదు. ఏమిటమ్మా అంటే, "ఆ ఏడుపులన్నీ ఇంట్లో వింటూనే ఉన్నా వదినా. సవతి తల్లి గొంతుతోనే నన్ను మంచినీళ్ళడుగుతాడు," అనేది.

యుద్ధానికి ముందటి ఆకురాలు కాలంలో కువబారా మా ఇంటికి వచ్చాడు. జపానువాడు. దొరల కోటు, పాలిష్ చేసిన బూట్లు. బూట్లు గుమ్మం దగ్గర విప్పి, మా మనిషిలాగే చాప మీద మఠం వేసుకుని కూర్చున్నాడు. గిన్నె ఖాళీ చేసి, రెండు చేతులతో నాకు అందిస్తూ, "చారు చాలా బాగుందమ్మా" అన్నాడు. మా మగాళ్ళెవరూ నా జన్మలో అనని మాట. మా భాష మాకన్నా శుభ్రంగా మాట్లాడేవాడు. తొలివెలుగు అనే పత్రిక నడుపుతున్నాడు. అచ్చయ్యేది మా అక్షరాల్లోనే, మా మాటల్లోనే. డబ్బెక్కడిదంటే మాత్రం ఎవరికీ తెలియదు. జపాను రాయబారి ఇంటి నుంచి వస్తుందని తర్వాత అందరూ చెప్పుకున్నారు.

సున్బో కథ ముగిసేదాకా కదలకుండా విన్నాడు. తర్వాత పక్కన చేరి అన్నాడు: "మేంగ్ గారూ, మీ గొంతు వందేళ్ళ కిందటి రాకుమారులకి ధారపోస్తున్నారు. నిన్న మొన్న జరిగిన సంగతులు ఈ రేవు జనానికి ఎవరు చెప్తారు? మీరు రాయక్కర్లేదు, కల్పించక్కర్లేదు. మా పత్రిక వచ్చిన రోజు కథ చదివినట్టే చదవండి. ఇంటికి బియ్యం బస్తా పంపిస్తాను."

బియ్యం బస్తా వచ్చింది. సోల్‌గోల్ ఆవిడ దాన్ని కాలితో పక్కకి నెట్టి, "ఊరికే పంచే కాగితం చదవడానికి బియ్యం కూడా ఎదురు ఇస్తున్నాడంటే, వాడు అమ్ముతున్న సరుకేంటో ముందు అడగాల్సింది నువ్వు," అంది. కానీ ఆ పూట అన్నం ఆ బియ్యంతోనే వండింది. ఆకలి అలాంటిది.

మొదట్లో ఆ పత్రిక వేసినవన్నీ నిజాలే. నాకు అందుకే ఇంత మంట. పైన ఏటి ఒడ్డున ఒక అధికారి ఉప్పు మీద రెండుసార్లు పన్ను లాగి, ఇవ్వలేని విధవని చెరువుగట్టున కొట్టించాడు. అది నిజమే, ఆ విధవ మాకు తెలిసినదే. తొలివెలుగు ఆ అధికారి పేరుతో సహా వేసింది. సున్బో ఆ అధికారి గొంతు పెట్టి చదువుతుంటే జనం నవ్వి నవ్వి, ఏడ్చి ఏడ్చి, చివర్లో చప్పట్లు కొట్టారు. మశూచికి సూది ఎక్కడ వేస్తున్నారో చెప్పింది. తుపాను ఎటు కదులుతోందో, ఉప్పు ధరెంతో చెప్పింది. మా దొరలు మాకెప్పుడూ ఏదీ చెప్పలేదు. ఈ పరాయివాడు చెప్తున్నాడే అనుకున్నాం. గాలానికి గుచ్చిన ఎర కూడా నిజమైన రొయ్యే. నకిలీ రొయ్యని ఏ చేపా ముట్టుకోదు.

చలికాలంలో యుద్ధం వచ్చింది. రష్యావాడికీ జపానువాడికీ పోరు, తొక్కింది మాత్రం మా నేలని. "తూర్పు దేశాల శాంతి కోసం" వచ్చారని తొలివెలుగు రాసింది. సున్బో చదివాడు. నాట్లు వచ్చేసరికి, ఉత్తరాదికి రైలుపట్టా వేస్తున్నారు, పల్లెల వాళ్ళు సంతోషంగా పనికి కదులుతున్నారని రాసింది. అదీ చదివాడు. అదే రోజు నా వంటింట్లో ఒక కూలీ బోర్లా పడుకుని ఉన్నాడు. నాట్ల కోసం మడి తడుపుకుంటున్నవాణ్ణి పొలంలోంచి ఈడ్చుకొచ్చి పట్టాలు మోయించారు. భుజం మీద చర్మం లేచిపోయింది. నేను సున్బోని చెయ్యి పట్టి లోపలికి లాక్కొచ్చి చూపించాను.

"ఇది సంతోషమేనా?"

అతను చూసి కళ్ళు తిప్పుకున్నాడు. "ఎక్కడో ఒక దుర్మార్గపు మేస్త్రీ ఉంటాడు వదినా. పత్రిక అది కూడా ఒప్పుకుంది, పోయిన వారం రాశారు చూడు."

"ఏం పత్రికయ్యా అది! వాత పెట్టిందీ అదే, వెన్న రాసిందీ అదే."

నవ్వాడు. ఆ రోజుల్లో మాపోలో ఏ గొడవొచ్చినా "సున్బో చదివాడుగా!" అంటే గొడవ అక్కడితో ఆగిపోయేది. పత్రిక మీద నమ్మకం కాదు అది. నూతిలో పిల్లని పైకి లాగిన మనిషి మీద నమ్మకం. కువబారా కొన్నది ఆ నమ్మకాన్నే.

తర్వాతి చలికాలానికి సోల్‌గోల్ పొలాల్లో తెల్లటి గుంజలు లేచాయి. వాటి మీద రాసింది ఎవరికీ అర్థం కాలేదు. ఆ గుంజల లోపలి నేలంతా సైన్యానిది, రైలుది అన్నారు. సమాధులు తీసుకుపొమ్మన్నారు. నేల గడ్డకట్టి గునపం దిగని కాలం. కరిగేదాకా ఆగండయ్యా అని ఊరి పెద్దలు బతిమాలారు. ఆగలేదు. కిరాయి కూలీలని దింపి దిబ్బలన్నీ తవ్వించి, దొరికింది దొరికినట్టు ఒక పక్కన కుప్ప పోశారు. ఎవరి తాత ఎముకలేవో, ఎవరి తల్లివేవో.

ఈ సంగతి మాకు ఇంకా తెలియదు. రోడ్డంతా సైనికుల కాపలా. మాకు తెలిసింది తొలివెలుగు తెచ్చిన సంగతే. పగటిపూట, చూరు కింద మంచి ఎండ. జనం కిక్కిరిసి ఉన్నారు. సున్బో గొంతు సవరించుకుని చదివాడు: "రైలు వల్ల కలగబోయే మేలును గ్రహించిన సోల్‌గోల్ గ్రామవాసులు తమ పూర్వీకుల సమాధులను స్వహస్తాలతో, ఆనందంగా తరలించుకున్నారు. వృద్ధులు పాటలు పాడుతూ సైనికులకు మద్యం పోసి..."

జనంలోంచి దారి చేసుకుంటూ ఇల్‌బొక్ ముందుకొచ్చాడు. వీపున మోతచట్రం, దాని మీద గడ్డితాళ్ళతో కట్టిన చాపమూట. పెదవులు పగిలి నెత్తురు కట్టి ఉన్నాయి.

"బావా. పాట పాడిన చోట మళ్ళీ చదువు. మేం ఏం పాట పాడామో నాకు గుర్తు రావడం లేదు."

సున్బో నోరు మూసుకున్నాడు. కాగితం అలాగే పట్టుకుని ఉండిపోయాడు. వెనకాల వాళ్ళకి ఇల్‌బొక్ ఎవరో తెలియదు, మూటలో ఏముందో తెలియదు. కథకుడు తన పాత ఎత్తు వేశాడనుకున్నారు. చిల్లర గలగలా వచ్చి చాప మీద పడింది. "ఇదిగో నీ తాడు! చదవరా!" అని ముసలి పాంగ్ ఉత్సాహంగా అరిచాడు. ఒక నాణెం ఆ మూటకి తగిలి కింద పడింది.

"వెయ్యండి, వెయ్యండి," అన్నాడు ఇల్‌బొక్. "మా నాన్నకి బతికుండగా ఎవడూ రాగి బిళ్ళ వెయ్యలేదు. ఇందులో ఉన్నది మా నాన్నే. సగం మా నాన్న. పుర్రె దొరకలేదు. తక్కిన ఎముకలు ఎవరివో నాకూ తెలీదు, అయినా మోసుకొచ్చా. ఎవరి నాన్నో ఒకరు అయ్యుంటారు."

చిల్లర పడడం ఆగింది. సున్బో లేచి నా కుండల వెనక్కి వెళ్ళి, కడుపులో ఉన్నదంతా కక్కేశాడు. కువబారా బియ్యపన్నమే.

మూట సున్బో ఇంట్లో, తూర్పు గోడవార పెట్టారు. సోల్‌గోల్ ఆవిడ దాని ముందు కూర్చుని ఏడవలేదు. మొగుడు మోకాళ్ళ మీద వంగి మొక్కబోతే చెయ్యి అడ్డం పెట్టింది. "ఆ నోటితో మా నాన్న ముందుకు రాకు. కడుక్కుని రా," అంది.

కడుక్కోవడానికి అతను వెళ్ళింది కువబారా దగ్గరికే! జపాను వాళ్ళ పేటలో ఉన్న ఆఫీసుకి వెళ్ళి, జరిగింది చెప్పాడు. తిరిగి నా దగ్గరికి వచ్చేసరికి మొహంలో కాస్త కళ ఉంది.

"అతను తల వంచి క్షమించమన్నాడు వదినా. టీ ఇచ్చాడు. తన మనుషులు తప్పుగా రాశారట. నన్నే రాసిమ్మన్నాడు, నా పేరుతో వేస్తాడట."

"పులి మింగిన ఎముకని కక్కమని పులినే అడిగొచ్చావా?"

"అందరూ చెడ్డవాళ్ళు ఉండరు వదినా."

నా అరుగు మీదే కూర్చుని రాశాడు. రాసింది నాకు చదివి వినిపించాడు. అలంకారం లేదు, గొంతు మార్చడం లేదు. గడ్డకట్టిన నేల, కుప్ప పోసిన ఎముకలు, దొరకని పుర్రె. తీసుకెళ్ళి కువబారాకి ఇచ్చాడు.

పత్రిక వచ్చే రోజు రేవంతా తిరిగి చెప్పాడు: "ఇవాళ నా మాట అచ్చులో వస్తోంది, అందరూ రండి." ఇల్‌బొక్ వచ్చాడు. సోల్‌గోల్ ఆవిడ కూడా వచ్చింది, మొగుడు చదివేది వినడానికి మొట్టమొదటిసారి. నా గుమ్మానికి ఆనుకుని నిలబడింది. సున్బో కాగితం విప్పాడు.

"నేను, మాపో రేవు కథకుడు మేంగ్ సున్బోని, నాకు తెలిసిన నిజం చెబుతున్నాను." ఇది అతను రాసిందే. "సోల్‌గోల్ సమాధుల గురించి కొన్ని మాటలు నా చెవిన పడగా, మనసు కలత చెంది స్వయంగా విచారించాను. అవి దుష్టులు పుట్టించిన పుకార్లని తేలింది. సైనికాధికారులు ప్రతి అస్థినీ తెల్లబట్టలో చుట్టి అప్పగించారు. మా మామగారి ఆత్మ శాంతించినందుకు నా భార్య కన్నీళ్ళతో..."

అలవాటుపడిన గొంతు. కళ్ళు అక్షరం మీద పడగానే నోరు దాన్ని పలికేస్తుంది. "నా భార్య" అన్నాక గాని అతనికి తెలివి రాలేదు. ఆ గొంతు ఎప్పటిలాగే తియ్యగా, గంభీరంగా ఉంది. నాకు రోత పుట్టింది అందుకే. అబద్ధం కూడా ఎంత బాగా పలికిందో!

సోల్‌గోల్ ఆవిడ నేల మీద ఉమ్మేసి వెళ్ళిపోయింది. ఇల్‌బొక్ అక్క వెంట వెళ్ళలేదు, బావకేసీ చూడలేదు. గోడకి కూలబడ్డాడు.

సున్బో కాగితం కింద పడేసి లేచి నిలబడ్డాడు. అన్నేళ్ళలో అతను నిలబడి చెప్పగా నేను చూడలేదు. "ఇది నేను రాయలేదు. నేను రాసింది ఇదీ," అంటూ తను రాసింది మొదటి మాట నుంచి కంఠస్థంగా చెప్పాడు. పట్టులో ఆగలేదు. ఎవరి గొంతూ పెట్టలేదు. రేవులో బస్తాలు దింపుతున్నవాళ్ళు దించుతూ దించుతూ ఆగిపోయారు. పుర్రె దగ్గరికి వచ్చేసరికి ముసలి పాంగ్ టోపీ తీసి గుండెలకి ఆనించుకున్నాడు.

జపాను సైనిక పోలీసులు వచ్చేసరికి చెప్పాల్సింది అయిపోయింది. జనంలో ఎవడో పరుగెత్తి వెళ్ళి చెప్పి ఉంటాడు. ఎవడో నాకు తెలుసు, వాడి పేరు నా నోటితో అనను. సున్బోని తీసుకెళ్ళి, ఏం కొట్టారో గాని, ఒక బండి మీద వేసి నా గుమ్మం ముందు దింపి పోయారు. దవడ విరిగింది. ముందు పళ్ళు లేవు. తొలివెలుగు రెండు ముక్కలు రాసింది: తాగుబోతుతనం వల్ల పని పోయిన ఒక కథకుడు రేవులో అల్లరి చేయగా పోలీసులు జాలితో ఇంటికి చేర్చారట.

నా వెనకగదిలో పడుకోబెట్టి, నేనూ సోల్‌గోల్ ఆవిడా గంజి చెంచాతో పోశాం. ఆమె తనంతట తానే వచ్చింది. వచ్చి గిన్నె నా చేతిలోంచి తీసుకుంది.

అప్పుడే ఇంకో పత్రిక గుమాస్తా వచ్చాడు. ఒక తెల్లదొర నడిపే పత్రిక. తెల్లదొర కాబట్టి జపానువాడి కత్తెర దాని మీద పడదట. గుమాస్తా మావాడే, మంచివాడే. సున్బో నోట మాట పెగలడం లేదు. పలక మీద సుద్దతో రాసి చూపిస్తుంటే అతను కాగితంలోకి ఎక్కించుకున్నాడు. ఉన్నది ఉన్నట్టు వేశారు. ఊళ్ళో గుప్పుమంది. చదివి వినిపించి, "చూశారా, నిజం బయటపడింది!" అన్నాడు గుమాస్తా.

సున్బో పలక మీద రాశాడు: "మన ఎముకలు మనవేనని చెప్పడానికి కూడా ఒక దొర కాగితం కావాలా?"

గుమాస్తా తల దించుకున్నాడు. "అన్నా, మన కాగితం మనం వేస్తే తెల్లారేసరికి మూయిస్తారు. ఏం చెయ్యమంటావ్?"

సున్బో పలక తుడిచి పక్కన పెట్టాడు.

తొలివెలుగు ఆగలేదు. కొత్త మనిషిని తెచ్చింది. ఎక్కడో ప్రభుత్వ కచేరీలో పని పోగొట్టుకున్న నడివయసువాడు, పగిలిన కుండ మీద గరిటెతో కొట్టినట్టుండే గొంతు. నా చూరు కింద కూర్చోనివ్వనని చీపురు తీశాను. ఎదురుగా తాళ్ళ కొట్టు ముందు కూర్చున్నాడు. జనం వెళ్ళారు. అవును, వెళ్ళారు! టోపీ గుండెలకి ఆనించుకున్న ముసలి పాంగ్ కూడా ముందు వరసలో కూర్చున్నాడు. సిగ్గు లేదా అని మొహం మీదే అడిగాను.

"ఏం చెయ్యమంటావమ్మా? ఉప్పు ధర తెలియాలా వద్దా? ఆ మిగతాది నేను చెవిలో వేసుకోను."

చెవిలో వేసుకోకుండా వినే చెవి ఎక్కడుంటుంది? కొన్నాళ్ళకి పాంగే, రైలుపట్టాలు పీకినందుకు జపాను సైన్యం తలలు తీసిన మావాళ్ళని "బందిపోట్లు" అనడం మొదలుపెట్టాడు. ఆ మాట పాంగ్‌ది కాదు. అది తొలివెలుగు మాట. అతని నోట్లో అది కదులుతుంటే, పచ్చిమాంసం నముల్తున్నవాణ్ణి చూసినట్టు ఉండేది నాకు.

నేల కరిగాక, ఏటికి అవతల ఇల్‌బొక్ కౌలుకి తీసుకున్న గుట్టమీద ఆ మూటని పూడ్చారు. మోతచట్రం సున్బోనే మోశాడు. నేనూ పడవెక్కి వెళ్ళాను. దిబ్బ పోశాక సోల్‌గోల్ ఆవిడ పక్కకి జరిగి మొగుడికి చోటిచ్చింది. "మొక్కు," అంది. "మా నాన్న కాకపోయినా మొక్కు. ఎవరో ఒకరి పెద్దలు." అతను నుదురు నేలకి ఆనించి చాలాసేపు లేవలేదు. ఇల్‌బొక్ వచ్చి రెక్క పట్టుకుని లేపాడు. లేపి, మక్కొల్లి గిన్నె అతని చేతిలో పెట్టి, "మెల్లగా తాగు బావా, దవడ జాగ్రత్త," అన్నాడు.

ఆ తర్వాత సున్బో గడ్డి చెప్పులు అల్లుకుని బతికాడు. దవడ వంకరగా అతుక్కుంది. మాట వచ్చేది గాని, సున్నితమైన అక్షరాలు ఊడిపోయేవి. నా చూరు కిందే కూర్చుని అమ్ముకునేవాడు. ఎవరైనా కథ చెప్పమంటే చెప్పు చూపించి, "ఇది నడిచినంత దూరం నా కథలు నడవలేదు, కొనుక్కో," అనేవాడు. ఎదురు కొట్టు నుంచి ఆ కుండ గొంతు వినిపిస్తున్నంతసేపూ తల ఎత్తేవాడు కాదు.

దేశమే మాది కాకుండా పోయిన ఏడాది చలికాలంలో దగ్గు పట్టుకుని చనిపోయాడు. తెల్లదొర పత్రిక అప్పటికే చేతులు మారిపోయింది. తొలివెలుగు మాత్రం బాగా బలిసింది. సమాధి మీద మట్టి ఇంకా ఆరలేదు, సున్బో గురించి వేసింది. నేను ఇల్లు ఊడుస్తుంటే ఎదురుగా ఆ గొంతు మొదలుపెట్టింది: "మా పత్రిక చిరకాల మిత్రుడు, మాపో రేవు మధురస్వరం మేంగ్ సున్బో కన్నుమూశారు. రైలు వల్ల పల్లెలకు కలిగిన మేలును తన కళ్ళతో చూసి లోకానికి సాక్ష్యం చెప్పిన..."

చీపురు పట్టుకునే నేను గుమ్మంలోకి వచ్చాను. నాకన్నా ముందే సోల్‌గోల్ ఆవిడ వీధి దాటుతోంది. ఒంటి మీద చావింటి తెల్ల నార బట్టలు. జనం మధ్యలోంచి నేరుగా వెళ్ళి ఆ మనిషి ఎదురుగా నిలబడింది.

"నా మొగుడి పేరు నీ నోట్లోంచి తియ్యి."

"అమ్మా, ఇది పత్రికలో..."

"పత్రికకి నోరు లేదు. నోరు నీది. తియ్యి."

అతను చుట్టూ చూశాడు, ఎవరైనా ఆమెని పక్కకి తీసుకెళ్తారేమోనని. ఎవరూ కదల్లేదు. అలాగని ఎవరూ లేచి ఆమె పక్కన నిలబడనూ లేదు. అందరూ తమ తమ కాళ్ళకేసి చూసుకుంటున్నారు. ఆ కాళ్ళకున్న చెప్పులు చాలామట్టుకు సున్బో అల్లినవే. నేను వెళ్ళి ఆమె పక్కన నిలబడ్డాను, చీపురుతోనే.

అతను కాగితం మడతపెట్టి, రెండో పక్క తిప్పి, గొంతు తగ్గించి ఉప్పు ధర చదవడం మొదలుపెట్టాడు. ముసలి పాంగ్ చెయ్యి చెవికి ఆనించుకుని ముందుకి వంగాడు.

సోల్‌గోల్ ఆవిడ వెనక్కి తిరిగింది. మా ఇంట్లోకి వచ్చి చాప మీద కూర్చుంది. చారు పోసి ముందు పెట్టాను. కాసేపు చూసి, చెంచా తీసుకుని తినసాగింది. ఎదురుగా ఆ గొంతు ఇంకా వినిపిస్తూనే ఉంది.

"ఆ తలుపు వెయ్యి వదినా," అంది. "తింటున్నాను."

వేశాను.